కార్తీకమాసంలో స్లాపీ జో: మాంసం లేకుండా ఎలా చేయాలి?

కొలంబస్ కోడలు
శనివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మాది మాంసాహారుల ఇల్లే. కానీ కార్తీకం వచ్చిందంటే నెలంతా నీచు ముట్టం. పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు, పప్పూ పచ్చడీ ఉంటే గడిచిపోతుంది. పేచీ అంతా పిల్లలతోనే. వాళ్లకు శుక్రవారం రాత్రి స్లాపీ జో పడాలి. ఒహాయోలో పుట్టి పెరిగిన పిల్లలు, బడి క్యాంటీనులో తిని మరిగారు. మామూలు రోజుల్లో నేను టర్కీ కీమాతో చేసిపెడతాను.

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఉల్లిపాయ, క్యాప్సికం తరుగుతో కీమా వేయించి, టమాటా సాస్, కెచప్, ఆవాల సాస్, కాస్త బ్రౌన్ షుగర్ వేసి దగ్గరపడేదాకా ఉడికించి, మెత్తటి బన్నులో పెట్టి తింటారు. తియ్యగా పుల్లగా ఉంటుంది. చొక్కా మీద పడకుండా తిన్నవాళ్లను నేను చూడలేదు.

నిన్న కీమా బదులు సన్న మీల్ మేకర్ వేశాను. పెద్దవాడు ఒక ముక్క కొరికి, "సాస్ బాగుందమ్మా, లోపలిది నమిలితే కీచుమంటోంది" అని పక్కన పెట్టాడు. చిన్నది వాసన చూసే లేచిపోయింది. పైగా తినేలోపు బన్ను అడుగు తడిసి చిరిగిపోయింది.

ఇంకో మాట. అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు. ఆవిడ గుడ్డు, పుట్టగొడుగులు తినరు. కార్తీక సోమవారాల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఆవిడ కూడా మాతో కూర్చుని తినేలా ఏదైనా దారి చెప్పండి.


పోపులపెట్టె
శనివారం, ఉదయం 10:15

కీమా సంగతి తరువాత, ముందు సాస్ సీసా తిప్పి చూడండి. స్లాపీ జోలో చాలామంది వూస్టర్ సాస్ వేస్తారు. 1837 నుంచి అమ్ముతున్న ఆ అసలు సాస్‌లో ఆంకోవీలు, అంటే చిన్న చేపలు పులియబెట్టి కలుపుతారు. కీమా మానేసి ఇది పోస్తే మీ కార్తీకం అక్కడే పోయింది! చేప లేకుండా చేసినవీ దుకాణాల్లో దొరుకుతాయి, సీసా మీద రాసి ఉంటుంది.

నన్నడిగితే కొనక్కర్లేదు. ఆ సాస్‌లో చేపతోపాటు ఉండేవి చింతపండు, వెనిగర్, మొలాసిస్ అనే నల్లటి చెరకు పాకం, వెల్లుల్లి, మసాలా దినుసులు. ఇందులో మన వంటింట్లో లేనిది ఏముంది? చిక్కటి చింతపండు గుజ్జు ఒక చిన్న చెంచా, సోయా సాస్ ఒక పెద్ద చెంచా, వెనిగర్ ఒక పెద్ద చెంచా, నల్లబెల్లం ఒక చిన్న చెంచా, చిటికెడు లవంగాల పొడి, మిరియాల పొడి కలిపి పెట్టుకోండి. ఆరు బన్నులకు సరిపోతుంది. చేప ఇచ్చే గాఢత సోయా సాస్ ఇస్తుంది.


పావ్ భాజీ పార్టీ
శనివారం, ఉదయం 10:32

ఇంత శ్రమ దేనికండీ? పావ్ భాజీ చేసిపెట్టండి. మెత్తటి బన్ను, పుల్లటి ఎర్రటి కూర, పైన వెన్న. మాంసం లేదు, ఎవరినీ మభ్యపెట్టే పని లేదు. బొంబాయి మిల్లు కార్మికుల ఆకలి తీర్చిన తిండి మీ ఇద్దరు పిల్లల ఆకలి తీర్చదా?


పోపులపెట్టె
శనివారం, ఉదయం 10:41

పావ్ భాజీ గారూ, భాజీలో అన్నీ మెదిపేస్తారు. స్లాపీ జోలో పంటికి తగిలే పలుకు ఉండాలి. ఆ పిల్లవాడు సాస్ బాగుందనే చెప్పాడు, గొడవంతా నమలడం దగ్గర వచ్చింది. మెదిపిన కూర పెడితే ఇంకో ఫిర్యాదు వస్తుంది.


న్యూజెర్సీ నివాసి
శనివారం, ఉదయం 11:05

మా ఊళ్లో స్లాపీ జో అంటే వేరే. ఉత్తర న్యూజెర్సీ డెలీలలో, అంటే సాండ్‌విచ్‌లు చేసి అమ్మే దుకాణాల్లో, ఆ పేరు అడిగితే పల్చటి రై బ్రెడ్డు మూడు పొరలు, మధ్యలో రెండు రకాల మాంసం, స్విస్ చీజ్, క్యాబేజీ కోల్‌స్లా, రష్యన్ డ్రెస్సింగ్ పెట్టి, చల్లగా ముక్కలు కోసి ఇస్తారు. ఆ ఊహతో మీ చర్చలోకి వచ్చి, బన్ను ఎందుకు తడుస్తోందో అర్థం కాక తల పట్టుకున్నాను.


పాత కాగితాలు
శనివారం, మధ్యాహ్నం 12:20

వేడిదానికీ కథ ఉంది. అయోవాలో సాస్ లేని పొడి కీమాను బన్నులో పెట్టి అమ్మడం 1920లలోనే ఉంది. మెయిడ్‌రైట్ అనే హోటళ్ల వరుస 1926లో మస్కటీన్ పట్టణంలో మొదలైంది. దానికి టమాటా తగిలించినది ఎవరన్న దాని మీద తగవు తేలలేదు. హవానాలోను, కీ వెస్ట్‌లోను అదే పేరుతో బార్లు ఉండడంతో వాళ్లూ పోటీకి వస్తారు. 1969లో హంట్స్ కంపెనీ మ్యాన్‌విచ్ అని డబ్బాలో సాస్ అమ్మడం మొదలుపెట్టాక ఇది ఇంటింటి వంట అయింది. గమనించండి, ఆ డబ్బాలో మాంసం ఉండదు, సాస్ ఒక్కటే. అందులో ఏం కలపాలన్నది ఇంట్లోవాళ్ల ఇష్టం. కాబట్టి కోడలుగారు సంప్రదాయం ఏమీ చెడగొట్టడం లేదు.


ప్రయోగశాల
శనివారం, మధ్యాహ్నం 1:10

మీల్ మేకర్ మీద నింద పడింది కాబట్టి దాని తరఫున వాదిస్తాను. సోయా గింజలోని నూనె తీసేయగా మిగిలిన పిండిని వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి తోసి పొంగించగా వచ్చేది అది. ఎండు సరుకు వంద గ్రాములలో యాభై గ్రాములకు పైగా మాంసకృత్తులే. పచ్చివాసనకు కారణం సోయాలోని ఒక ఎంజైము: గింజ నలిగినప్పుడు అది కొవ్వును తాకి ఆ వాసన పుట్టిస్తుంది. అది సరుకుతోపాటే వస్తుంది, మీ వంటలో దోషం కాదు.

చేయవలసింది ఇది. మరుగుతున్న ఉప్పునీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. వార్చి, చన్నీళ్లు పోసి, గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండండి. మళ్లీ నీళ్లు పోసి మళ్లీ పిండండి. మొదటిసారి పసుపుగా నురగతో నీళ్లు దిగుతాయి, రెండోసారికి తేటబడతాయి. వాసన చాలావరకు ఆ నీళ్లతో పోతుంది. చాలామంది ఇక్కడ ఆగి నేరుగా సాస్‌లో వేస్తారు, కీచుమనడం అక్కడే మొదలవుతుంది. పిండిన గ్రాన్యూల్స్‌ను సోయా సాస్, కాస్త కారం పట్టించి, నూనె కొంచెం ధారాళంగా వేసి, ఇనుప బాండీలో పలచగా పరిచి, కదపకుండా వేయించాలి. అంచులు గోధుమరంగు తిరిగి, గరిటెకు గరగరమని తగలాలి. ఆ తరువాతే సాస్.


పప్పులో కాలు
శనివారం, మధ్యాహ్నం 2:25

మీల్ మేకర్‌కు అంత సేవ చేసే ఓపిక నాకు లేదు. మా ఇంట్లో తొక్క తీయని మసూరు పప్పుతో చేస్తాం. ఇక్కడి దుకాణాల్లో బ్రౌన్ లెంటిల్స్ అని దొరుకుతుంది. ఎర్రగా ఉండే బద్ద కొనవద్దు, అది పావుగంటలో పేస్టు అవుతుంది. తొక్క ఉన్న గింజే ఆకారం నిలుపుకుంటుంది.

కుక్కరు పెట్టకండి. మామూలు గిన్నెలో, మూత ఓరగా పెట్టి, 20 నుంచి 25 నిమిషాలు. వేళ్లతో నొక్కితే నలగాలి, కానీ దానంతట అది విచ్చుకోకూడదు. పప్పు ఉడకకముందే టమాటా, చింతపండు పడితే ఇక ఉడకదని మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు కదా. పులుపు తొక్కను బిగదీస్తుంది. ఇంటర్నెట్టులో దొరికే వంటకాల్లో కొన్ని పచ్చిపప్పును సాస్‌లోనే వేసి ఉడికించమంటాయి. నమ్మవద్దు.

ఒక కప్పు పప్పు ఉడికితే రెండున్నర కప్పులవుతుంది. అందులో మూడో వంతు గరిటెతో మెదిపి, మిగతాది గింజలుగా ఉంచితే బన్నులో చెదిరిపోకుండా నిలుస్తుంది.


గోదారి గట్టు
శనివారం, సాయంత్రం 4:00

ఎవరూ పనసపొట్టు ఎత్తలేదు! లేత పనసకాయను కత్తితో పొట్టుగా కొట్టి, ఆవ పెట్టి కూర చేసుకునే జాతి మనది. అమెరికావాళ్లు ఈమధ్య దాన్నే పంది మాంసం బదులు బన్నులో పెట్టి అమ్ముతున్నారు. కార్తీకంలో మనవైపు కూడా పచ్చి పనస రాదు, వేసవి ముందు మాట అది. మీకు వియత్నాం, థాయ్ దుకాణాల్లో డబ్బాల్లో దొరుకుతుంది. ఉప్పునీళ్లలో ఉన్న లేత కాయ తీసుకోండి. పక్కనే పంచదార పాకంలో పండు తొనలు కూడా ఉంటాయి, డబ్బా బొమ్మ ఒకేలా ఉంటుంది, జాగ్రత్త.


పప్పులో కాలు
శనివారం, సాయంత్రం 4:18

గోదారి గారూ, పనస పీచుపీచుగా విడుతుంది. పీచుగా తీసే పంది మాంసం సాండ్‌విచ్‌కు అది సరైన జోడీ. కీమా పలుకు దానికి రాదు. పైగా పనసలో మాంసకృత్తులు బహు తక్కువ. ఎదిగే పిల్లలు రాత్రి తొమ్మిదింటికి మళ్లీ ఆకలంటూ వంటింట్లోకి వస్తారు.


గోదారి గట్టు
శనివారం, సాయంత్రం 4:30

రానివ్వండి, పెరుగన్నం పెడదాం.


తులసికోట
శనివారం, రాత్రి 8:15

నేను పుట్టు శాకాహారిని. ఇలాంటి చర్చ చూసినప్పుడల్లా నాకు ఒకటే సందేహం. మాంసం వద్దనుకున్నాక మాంసంలాంటిది ఎందుకు? నమిలితే మాంసం, రంగు మాంసం, వాసన మాంసం కావాలనుకునేవారు మాంసమే తినవచ్చు కదా. నోము పట్టిన నెలలో మనసంతా దాని మీదే ఉంటే అది నోమెలా అవుతుంది? కోపంగా అనడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.


కొలంబస్ కోడలు
శనివారం, రాత్రి 8:50

తులసికోట గారూ, మీ ప్రశ్నలో తప్పు లేదు. నోము నాది, నా పిల్లలది కాదు. వాళ్లకు కావలసింది శుక్రవారం రాత్రి టీవీ ముందు కూర్చుని చేతులు పాడుచేసుకుంటూ తినే ఆ తిండి. అందులో మాంసం ఉండడం వాళ్లకు ముఖ్యమో కాదో ఈ నెల తేలుతుంది. నాకైతే సాస్ ముఖ్యం, బన్ను ముఖ్యం అనిపిస్తోంది.


పాత కాగితాలు
శనివారం, రాత్రి 9:30

తులసికోట గారి సందేహం పాతదే. మిషిగన్‌లోని బాటిల్ క్రీక్‌లో కార్న్‌ఫ్లేక్స్‌తో పేరుపడిన కెలాగ్ సోదరుల్లో పెద్దాయన, డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్, 1890లలో వేరుశనగతో నట్టోస్ అనే మాంసం బదులు సరుకు తయారుచేశారు. ఆయన సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవారి ఆరోగ్యాలయం నడిపేవారు, అక్కడ మాంసం పెట్టేవారు కాదు. వచ్చే రోగులేమో మాంసం తిని పెరిగినవారు. చైనా బౌద్ధుల వంటలో గోధుమపిండి కడిగి తీసిన జిగురుతో చేసే మాంసం బదులు వంటకాలు అంతకన్నా చాలా పాతవి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 నుంచి, అమెరికా ప్రభుత్వమే మాంసం లేని రోజు పాటించమని ఇళ్లకు ప్రచారం చేసింది. అప్పుడు గృహిణులు పప్పులతో, గింజలతో రకరకాలు వండారు. తినడం మానేసినవాళ్లకే బదులు కావాలి. ఎప్పుడూ తిననివాళ్లకు ఆ అవసరం రాదు. మీరిద్దరూ రెండు వేరువేరు చోట్ల నిలబడి మాట్లాడుతున్నారు, అంతే.


తులసికోట
శనివారం, రాత్రి 9:44

ఒప్పుకుంటాను. అయినా నాకు ఆ సాండ్‌విచ్ మసూరు పప్పుతోనే కావాలి, కీమా పేరు ఎత్తకుండా.


డాలరు లెక్క
ఆదివారం, ఉదయం 8:05

ఇన్ని తిప్పలెందుకు? మొక్కల మాంసం ప్యాకెట్లు దొరుకుతున్నాయి. ఒక కంపెనీ బఠాణీ మాంసకృత్తులతో చేసి బీట్‌రూట్‌తో రంగు తెస్తుంది. ఇంకో కంపెనీ 2016లో హోటళ్లలోకి తెచ్చినదానిలో సోయా వేళ్లలో ఉండే హీమ్‌ను, అంటే రక్తంలోనూ ఉండే ఎర్రటి పదార్థాన్ని, ఈస్టుతో తయారుచేసి కలుపుతారు, అందుకే వేగేటప్పుడు అచ్చం మాంసం వాసన వస్తుంది. ఖరీదు మాత్రం కీమాకన్నా ఎక్కువే. నెలకోసారికి పరవాలేదు, వారం వారం అంటే ఆలోచించుకోవాలి.

ఇంట్లో అత్తగారు ఉన్నారన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మా అమ్మకు అది వండుతుంటే ఆ ఎర్రటి రసం చూసి బాండీ మార్చేదాకా వంటింట్లోకి అడుగుపెట్టలేదు. మొక్కలదే అని ప్యాకెట్ చూపించినా ఉపయోగం లేకపోయింది.


నిర్వాహకులు
ఆదివారం, ఉదయం 8:30

నోము ఎలా పట్టాలన్న చర్చకు ఆధ్యాత్మిక విభాగం ఉంది. ఇక్కడ సాండ్‌విచ్ మీదే ఉందాం.


పోపులపెట్టె
ఆదివారం, ఉదయం 9:20

సరే, పనిలోకి వద్దాం. పప్పు, మీల్ మేకర్ రెండూ కాకుండా మూడో దారి ఒకటి ఉంది. మసూరు పప్పుకు అక్రోట్లు తోడు చేయడం. పప్పులో లేనిది కొవ్వు, పలుకు. అక్రోటులో రెండూ ఉన్నాయి. కప్పు అక్రోట్లు పొడి మూకుట్లో దోరగా వేయించి, మిక్సీలో రెండుమూడుసార్లు ఆపి ఆపి తిప్పండి. ఆగకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. గోధుమనూక కన్నా కొంచెం పెద్దగా ఉండాలి.

బాండీలో నూనె వేసి ఉల్లిపాయ, క్యాప్సికం అంచులు నల్లబడేదాకా వేయించండి. వెల్లుల్లి వేసి, రెండు పెద్ద చెంచాల టమాటా పేస్టు వేసి నూనెలో మగ్గనివ్వండి. ఎరుపు తగ్గి ఇటుక రంగుకు వస్తుంది, అడుగు అంటుకోవడం మొదలవుతుంది. భయపడకండి, ఆ అంటుకున్నదే రుచి. అప్పుడు అక్రోటు పొడి, ఉడికిన పప్పు వేసి, కప్పు టమాటా గుజ్జు, పావుకప్పు కెచప్, చెంచా ఆవాల సాస్, నేను చెప్పిన చింతపండు కలయిక పోసి అడుగు గీకుతూ కలపండి. ఉప్పు చివర్లో చూసుకోండి, కెచప్‌లో, సోయా సాస్‌లో ఇదివరకే ఉంది. పొగ వాసన ఉన్న పాప్రికా దొరికితే అర చెంచా. ధనియాల పొడి, గరం మసాలా జోలికి వెళ్లారంటే అది పప్పుకూర అయిపోతుంది, పిల్లలు కనిపెట్టేస్తారు.

గరిటెతో బాండీ మధ్యలో గీత గీస్తే, ఆ దారి రెండు క్షణాలు మూసుకోకుండా నిలవాలి. అప్పుడు దించండి. మీ బన్ను తడవడానికి సగం కారణం సాస్ పల్చగా ఉండడమే.


బేకరీ బాబాయి
ఆదివారం, ఉదయం 10:10

మిగతా సగం నేను చెబుతానమ్మా. బన్నును రెండుగా కోసి, లోపలి వైపు వెన్న రాసి, పెనం మీద బోర్లించి కాల్చు. గట్టి పొర కట్టాలి. వెన్న, ఆ పొర కలిసి తడిని ఆపుతాయి. అడుగు బన్ను మీద ముందు చీజ్ ముక్క పరిచి, దాని మీద వేడి కూర వేస్తే ఇంకా మంచిది. కూర్చున్నాకే కూర పెట్టాలి, పది నిమిషాల ముందు కట్టిపెడితే ఏ బన్నూ నిలవదు.

అత్తగారికి ఇచ్చేముందు చీటీలు చదువు. మెరిసే బ్రియోష్ బన్నులో గుడ్డు ఉంటుంది. గుడ్డు లేని బన్ను మీద కూడా పైన గుడ్డు పూసి కాలుస్తారు కొందరు. చీజ్‌లో రెన్నెట్ అని ఉంటే, అది పాలు విరగడానికి వేసే ఎంజైము, దూడ కడుపులోనుంచి తీసినది కావచ్చు. సూక్ష్మజీవుల ఎంజైములు అని రాసి ఉంటే బెంగ లేదు. ఇండియాలో అయితే పచ్చచుక్క చూసి కొనేస్తాం, అక్కడ ఆ సౌకర్యం లేదు.


అమీర్‌పేట అమ్మాయి
ఆదివారం, మధ్యాహ్నం 12:45

హైదరాబాదు నుంచి. ఇక్కడ ఇరానీ హోటళ్ల కీమా తిని పెరిగినవాళ్లం కాబట్టి ఈ సాండ్‌విచ్ మాకు కొత్తగా ఏమీ అనిపించదు, తీపి ఒక్కటే వింత. మా ఇంట్లో బెల్లం సగానికి తగ్గించి, పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం వేసి తింటాం. అమెరికా పద్ధతిలో ఊరబెట్టిన దోసకాయ ముక్కలు పెడతారట. మనకు ఉప్పు మిరపకాయలు ఉండగా అవెందుకు? అక్రోట్లు ఇక్కడ ఖరీదు, వాటి బదులు వేయించిన వేరుశనగపప్పు పలుకులుగా కొట్టి వేస్తే పని జరిగిపోతుంది.


రాజమండ్రి రుక్కు
ఆదివారం, మధ్యాహ్నం 3:30

సోమవారం వంట గురించి ఎవరూ చెప్పలేదు. ఉల్లి, వెల్లుల్లి మానేస్తే సరిపోదు కోడలుగారూ. కెచప్ చీటీ చూడండి, చాలా రకాల్లో ఉల్లిపొడి ఉంటుంది. సీసాలో వచ్చే ఆవాల సాస్‌లో వెల్లుల్లి పొడి కలిపేవారూ ఉన్నారు. కాబట్టి ఆ రోజుకు రెండూ మానేసి, టమాటా పేస్టు, బెల్లం, వెనిగర్, ఇంట్లో నూరిన ఆవపిండి వాడండి. ఆవపిండి దించాక కలపాలి, ఉడికిస్తే చేదెక్కుతుంది.

ఉల్లిపాయ ఇచ్చే తీపి, పలుకు కోసం సన్నగా తరిగిన క్యాబేజీని బాగా ఎర్రబడేదాకా వేయించండి. నూనెలో ముందు ఇంగువ వేయండి. పొడి ఇంగువలో గోధుమపిండో మైదాపిండో కలిసి ఉంటుంది, ఆవిడ ఒంటిపూట ఉపవాసం ఉంటే ముద్ద ఇంగువ వాడడం నయం.


కొలంబస్ కోడలు
మంగళవారం, ఉదయం 7:15

శుక్రవారం దాకా ఆగలేక నిన్న సాయంత్రమే చేశాను. పప్పు, అక్రోట్లు కలిపి, రుక్కు గారు చెప్పినట్టు ఉల్లి లేకుండా ఒకే బాండీ అందరికీ. క్యాబేజీ ఎర్రబడడానికి ఇరవై నిమిషాలు పట్టింది, కానీ ఇల్లంతా తియ్యటి వాసన. బన్ను కాల్చి, చీజ్ పరిచి, కూర్చున్నాకే వడ్డించాను.

చిన్నది రెండు తిన్నది, ఏమీ అడగలేదు. పెద్దవాడు తిని, అక్రోటు పలుకు ఒకటి వేలితో ఏరి చూసి, "ఇది టర్కీ కాదు కదా" అన్నాడు. కాదన్నాను. "సరే, ఇంకోటి వెయ్యి" అన్నాడు. అత్తగారు పొద్దుగూకి దీపం పెట్టాక, బన్ను పక్కన పెట్టి, కూర మాత్రం వేడి అన్నంలో కలుపుకుని నెయ్యి వేసుకున్నారు. చింతపండు ఇంకాస్త పడితే బాగుండేదన్నారు.

ఒక్క ప్రశ్న మిగిలింది. మిగిలిన కూర బడి డబ్బాలో పంపవచ్చా?


ప్రయోగశాల
మంగళవారం, ఉదయం 8:02

పంపేముందు బడి నియమాలు చూడండి. చాలా బడుల్లో అలర్జీల వల్ల నట్స్ తేనివ్వరు, అక్రోటు అందులోకే వస్తుంది, వేరుశనగ సరేసరి. డబ్బా కోసం చేసేటప్పుడు అక్రోట్ల బదులు వేయించిన పొద్దుతిరుగుడు పప్పు అదే కొలతకు వేయండి. ఫ్రీజరులో రెండుమూడు నెలలు బాగానే నిలుస్తుంది, పలచటి సంచీలో పరిచి గడ్డకట్టిస్తే త్వరగా కరుగుతుంది. ఉదయం బాగా మరిగించి, వేడి నిలిపే ఫ్లాస్కులో కూర, విడిగా బన్ను. చెంచా మరచిపోకండి.